పక్క బొమ్మ చూడు

హన్మకొండ చౌరస్తాల మందుల దుకాణం పక్క
ఇరుకు మెట్లెక్కితే మా డీటీపీ గది.
మూడు కంప్యూటర్లు, తిరగని కూలరు ఒకటి.
పెండ్లికార్డులు, ప్రశ్నపత్రాలు, సర్పంచుల కరపత్రాలు
అన్నీ ఈ వేళ్ల కిందికెల్లే పోయినయి.

ఆ ఎండాకాలం
కరెంటు హెల్పర్లకు నేర్పే పుస్తకం వచ్చింది.
నూట ఎనభై నాలుగు పేజీలు, అరవై రెండు బొమ్మలు.
కొత్త సాఫ్ట్‌వేర్లనే చెయ్యాలన్నరు.
అండ్ల ప్రతి మాటకు ఓ ఇంటిపేరుంటది:
ఇది అధ్యాయం, ఇది మెట్టు, ఇది హెచ్చరిక.
మెట్టుకు ముందే హెచ్చరిక రావాలె.
వరుస తప్పితే ఎర్రగీత గీసి అలుగుతది.

బొమ్మల దగ్గరికొచ్చేసరికి
రెండు తొవ్వలు చూపింది.
పేజీ మీద ఉత్తగనే పెట్టుడు ఒకటి,
కంటికి ఇంపుగ, అంచుకు అంచు కలిపి.
ఇంకోటి, వాక్యం నడుమ గింజంత జాగ చూసి
అక్కడ లంగరెయ్యుడు.

లంగరు!
నవ్వొచ్చింది నాకు.
వడ్డేపల్లి చెరువు దాటి నీళ్లెరుగని దాన్ని,
నాకేం లంగరు, నాకేం ఓడ?
పెండ్లికార్డు మీద గణపతిని పెట్టినట్టు
అరవై రెండూ ఉత్తగనే పెట్టిన.
ముద్దుగ కుదిరినయి. ఉప్పలయ్య సారు గుడ మెచ్చుకున్నడు.

ఆఖరు దినం ఫోనొచ్చింది,
నలభై ఒకటో పేజీల రెండు వాక్యాలు కలుపుమని.
కలిపిన.
తూము లేపిన నీళ్ల లెక్క
మాటలు కిందికి జారినయి, మడి దాటి మడిలకు పోయినయి.
బొమ్మలు ఉన్నకాడనే ఉన్నయి.
రాత్రి పది దాటింది. తిప్పి చూడలే.

వానలు పడ్డంక ఓ పొద్దు
మొగిలి మెట్లెక్కొచ్చిండు.
పరకాల దిక్కు సబ్‌స్టేషన్ల హెల్పరు.
ఎడమ చేతికి కట్టు, కుడి చేతిల పుస్తకం.
కోపముంటే బాగుండు. లేదు.
"అక్కా, ఈడ 'పక్క బొమ్మ చూడు' అని ఉన్నది.
పక్కకు జూస్తె నిచ్చెన.
ఎర్తు రాడు బొమ్మ ఎటు పాయె?"

లైను బందే జేసిన్రట.
కని రైసుమిల్లు జనరేటరు
ఎనకకెల్లి కరెంటు తోలింది.
ముందుగాల తీగను భూమికి కట్టాలె.
ఆ మాట ఉన్నది, పుస్తకంల, సరిగ్గనే ఉన్నది.
"అచ్చరాలు నాకు నిమ్మళంగ వస్తయక్కా.
బొమ్మ జల్ది జెప్తది.
నిచ్చెనెక్కుమన్నది. ఎక్కిన."

ఫైలు తెరిచిన.
ఎర్తు రాడు ఎనక పేజీల
రబ్బరు గ్లౌజుల మాటల పక్క నిలబడున్నది,
మేడారం జాతరల మైకు కింద
పేరడిగితే చెప్పరాని పోరని లెక్క.

చాయ్ వచ్చింది. చల్లారింది.
లంగరు సంగతి చెప్పిన అతనికి, గొంతు సరిగ్గ రాకపోయినా.
ఇన్నడు. అద్దం మీద వేలు పెట్టి
"గిది మా స్టే వైరే గదా" అన్నడు.
"స్తంభం ఒరగకుంట అవతల భూమిల దిగేసి కడ్తం.
జూసేటోనికి తీగె కనవడది, స్తంభమే కనవడ్తది."

ఆ రాత్రి ఒక్కొక్కటే విప్పి
అరవై రెండింటికీ స్టే వైరు కట్టిన.
పైన కావాల్నని పది ఉత్త గీతలు కొట్టి చూసిన:
వాక్యం నడిచింది, దాని ఎంబడే ఎర్తు రాడు నడిచింది,
పేజీ మలుపు కాడ గుడ చెయ్యి ఇడవలే.

పేజీలు మునుపటంత ముద్దుగ లేవు.
బొమ్మ పట్టని చోట అడుగున జానెడు ఖాళీ మిగిలింది.
"కాయిదం దండుగ" అన్నడు ఉప్పలయ్య సారు.
ఉండనీ అన్న.

లంగరు గుర్తు తెర మీదనే అగుపడ్తది,
అచ్చుల రాదు.
పాతయి మాత్రం ఎనిమిది వందలు
ఏ సబ్‌స్టేషన్ బల్ల మీదనో, ఏ సైకిల్ సంచిలనో ఉన్నయి.
వాటి నలభై రెండో పేజీల
ఇయ్యాల్టికీ నిచ్చెనే ఉన్నది.